కాళ్ల అలుపు, మెదడు అలుపు

అలసటకు మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. పరుగెత్తితే ఆయాసం. బరువు మోస్తే అలుపు. పస్తుంటే నీరసం. దూర ప్రయాణం చేసి వస్తే బడలిక. ఒకే పని పొద్దంతా చేస్తే విసుగు. ఎండలో నిలబడి నిలబడి పడిపోతే సొమ్మసిల్లడం. వీధిలో అరవం, బడిలో తెలుగు, టీవీలో రెండూ నడిచే మా ఇంట్లో ఈ మాటలన్నీ ఇంకా బతికి ఉన్నాయంటే అది మా అవ్వ పుణ్యమే. ఆమె పుట్టిల్లు మదురై. నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి నిలిచిపోయిన తెలుగు ఇళ్లలో వాళ్లది ఒకటి. పెళ్లయి మా కోయంబత్తూరుకు, పీళమేడుకు వచ్చింది. ఆమె తరచూ అనే మాట ఒకటుంది. "ఆయాసం రొమ్ములో ఉంటుంది, అలుపు కాళ్లలో ఉంటుంది, బడలిక మటుకు తలలో ఉంటుందే పాపా."

నేను ప్లస్ వన్‌లో బయాలజీ గ్రూపు తీసుకున్న తర్వాత, అవ్వ మాట ఉత్త సామెత కాదని తెలిసింది. శాస్త్రవేత్తలు కూడా అలసటను రెండు రకాలుగా విడదీస్తారు. ఒకటి కండరంలో పుట్టే అలసట. రెండోది మెదడులో పుట్టే అలసట. ఈ రెండో దాని గురించి నేను చదవడానికి కారణం మా అన్న. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మా అన్న కొనాలనుకున్న ఒక డబ్బా.

అన్నకు 21 ఏళ్లు. గణపతిలో ఒక మోటారు వైండింగ్ షాపులో పని. పొద్దున నాలుగున్నరకు లేచి పరుగెత్తడం అతనికి ఉన్న ఒకే ఒక్క ఆశ. మా ఊళ్లో ఏటా జరిగే కోయంబత్తూరు మారథాన్‌లో 21.1 కిలోమీటర్ల పరుగుకు తయారవుతా ఉన్నాడు. పదిహేను కిలోమీటర్ల దాకా బాగానే వస్తాడు. ఆ తర్వాత ఏదో అవుతుంది. "కాళ్లలో బలం ఉంది పాపా, కానీ తల వద్దంటుంది. ఎందుకు పరుగెత్తతా ఉన్నానో నాకే తెలీదు. కూర్చోవాలనిపిస్తుంది" అన్నాడు. ఒక ఆదివారం అట్లే రేస్ కోర్సు దారి పక్కన కూర్చుండిపోయినాడు. అన్నతో పరుగెత్తే స్నేహితుడు ఒకడు, "ఇది మెదడు అలుపు. దీనికి అమైనో ఆమ్లాల పొడి ఉంది. నీళ్లలో కలుపుకొని తాగితే మెదడు అలవదు" అని చెప్పినాడు. డబ్బా ధర రెండు వేల నాలుగు వందలు. నెలకు ఒకటి.

ఆ రాత్రి అమ్మ ఏమీ మాట్లాడలేదు. అటక మీదున్న స్టీలు డబ్బాను కిందికి దించింది. అందులో ఉండేది నా కాలేజీ దరఖాస్తులకని చీటీ పాడి దాచిన డబ్బు. అన్న వద్దన్నాడు. నాయన "మూడు నెలలే కదా, పిల్లోడు ఆశపడతా ఉన్నాడు" అన్నాడు. అవ్వ మాత్రం, "ఆ పొడిలో ఏముందో ముందు చదవండిరా. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంది కదా" అంది. అట్లా ఆ పని నా మీద పడింది. మా బయాలజీ టీచరుగారిని అడిగి, లైబ్రరీలో చూసి, అన్న ఫోనులో వెతికి నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్లలో కూడా ఇట్లాంటి డబ్బా గురించి మాట వస్తే పనికొస్తుందని నా ఆశ.

ముందు కండరం సంగతి. ఈ విషయంలో మన తెలుగువాడి పేరు ఒకటి గర్వంగా చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం ఒక్కసారిగా బలంగా పనిచేయడానికి అదే చేతి ఖర్చు డబ్బులాంటిది. కొన్ని సెకండ్లకు సరిపోతుంది. ఆ తర్వాత గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ, దాని తర్వాత కొవ్వు ఖర్చవుతాయి. కండరంలో నిల్వలు తరిగి, లోపలి రసాయనాలు మారి కండరం బలం తగ్గితే అది కాళ్ల అలుపు.

మెదడు అలుపు వేరు. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఆంజెలో మోసో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. వేలితో బరువు లాగిస్తూ, ఎన్నిసార్లు లాగగలిగారో గీతలుగా గీసే ఒక యంత్రాన్ని తయారుచేశాడు. తన తోటి అధ్యాపకులు గంటల తరబడి పాఠాలు చెప్పి, పరీక్షలు నడిపి వచ్చిన తర్వాత వాళ్ల వేలితో లాగించి చూశాడు. నోటితో, తలతో పనిచేసిన మనిషికి వేలు కూడా త్వరగా అలిసిపోయింది. 1891లో అలసట మీద రాసిన పుస్తకంలో ఆయన ఇదంతా వివరించాడు. 2009లో వేల్స్‌లో పనిచేసే పరిశోధకులు దీన్నే మరో రకంగా చూశారు. 16 మందికి గంటన్నర సేపు కంప్యూటరు మీద మనసు పెట్టి చేయాల్సిన పని ఇచ్చి, ఆ తర్వాత సైకిలు తొక్కించారు. ఆ పని చేయని రోజు సగటున 754 సెకండ్లు తొక్కినవాళ్లు, చేసిన రోజు 640 సెకండ్లకే ఆపేశారు. గుండె, రక్తం, కండరం అన్నీ రెండు రోజులూ ఒకటే. మారింది ఒక్కటే. తల అలిసిన రోజు అదే పని వాళ్లకు ఎక్కువ కష్టంగా అనిపించింది. మూడు గంటల పరీక్ష రాసి వచ్చిన రోజు పీటీ పీరియడ్‌లో మనకు కాళ్లు ఎందుకు కదలవో ఇప్పుడు తెలిసింది కదా!

ఇక డబ్బా మీది మాట. ఆక్స్‌ఫర్డ్‌లో ఎరిక్ న్యూస్‌హోమ్ అనే శాస్త్రవేత్త 1987లో ఒక ఊహ చెప్పాడు. నాకు అర్థమైనట్టు చెబుతాను. మన ఆహారంలోని ప్రోటీన్లు 20 రకాల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. అందులో తొమ్మిదిని శరీరం సొంతంగా చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఆ తొమ్మిదిలో ట్రిప్టోఫాన్ ఒకటి. మెదడు లోపలికి వెళ్లిన తర్వాత ట్రిప్టోఫాన్ సెరటోనిన్‌గా మారుతుంది. నిద్ర, మనసు, మందకొడితనం వీటితో సెరటోనిన్‌కు సంబంధం ఉంది. ఆ తొమ్మిదిలోనే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడు ఉన్నాయి. వాటి ఆకారంలో కొమ్మలాంటి చీలిక ఉంటుంది గనుక వాటిని శాఖల అమైనో ఆమ్లాలు అనుకుందాం. డబ్బాలో ఉండేవి ఈ మూడే.

గాంధీపురం బస్టాండులో ఒకే వాకిలి ఉన్న బస్సును ఊహించుకోండి. మెదడుకు పోయే దారిలో ట్రిప్టోఫాన్‌కూ, ఈ ముగ్గురన్నదమ్ములకూ ఉన్నది ఆ ఒక్క వాకిలే. ఎవరు ఎక్కువ మంది ఉంటే వాళ్లు లోపలికి ఎక్కువ పోతారు. మామూలప్పుడు రక్తంలోని ట్రిప్టోఫాన్‌లో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మీద కూర్చుని ఉంటుంది, వాకిలి దగ్గరికి రాదు. మనం గంటల తరబడి పరుగెత్తితే శరీరం కొవ్వును కరిగించి రక్తంలోకి పంపుతుంది. ఆ కొవ్వు ఆమ్లాలకు కూడా కూర్చోవడానికి ఆ ఆల్బుమినే కావాలి. అవి వచ్చి ట్రిప్టోఫాన్‌ను లేపేస్తాయి. అదే సమయంలో కండరాలు ఆ ముగ్గురన్నదమ్ములను ఇంధనంగా వాడేసుకుంటాయి. వాకిలి దగ్గర ట్రిప్టోఫాన్ గుంపు పెరుగుతుంది, పోటీ తగ్గుతుంది. మెదడులో సెరటోనిన్ పెరిగి "చాలు, కూర్చో" అంటుంది. అందుకని, బయటి నుంచి ఆ ముగ్గురినీ తాగిస్తే పోటీ పెరిగి, ట్రిప్టోఫాన్ ఆగిపోయి, మెదడు అలవదు. ఇదీ ఊహ.

చదువుతుంటే నాకే ముచ్చటేసింది. ఎంత చక్కగా అతికింది! అన్నకు చెబితే, "చూసినావా, నేను చెప్పలే?" అన్నాడు. కానీ మా టీచరుగారు ఒక మాట అన్నారు. "ఊహ అందంగా ఉండటం వేరు, పరీక్షలో నిలబడటం వేరు. ఎవరైనా పరుగెత్తించి చూసినారా?"

చూశారు. స్వీడన్‌లో ఎవా బ్లూమ్‌స్ట్రాండ్, న్యూస్‌హోమ్ తదితరులు 193 మంది మగవాళ్లకు మారథాన్‌లో పరీక్ష పెట్టి 1991లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి ఈ అమైనో ఆమ్లాల పానీయం, కొందరికి అది లేనిది. మొత్తం మీద చూస్తే పెద్ద తేడా లేదు. వేగంగా, నెమ్మదిగా పరుగెత్తేవాళ్లను విడదీసి చూస్తే మాత్రం, నెమ్మది వాళ్లకు కొంచెం మేలు కనిపించింది. మరో 30 కిలోమీటర్ల పరుగు తర్వాత రంగుల పేర్లు చదివే పరీక్ష పెడితే, పొడి తాగినవాళ్లు మునుపటికన్నా బాగా చేశారు. డబ్బాలు అమ్మేవాళ్లు చెప్పుకునేది ఎక్కువగా ఈ పరీక్ష గురించే. అయితే పరీక్ష అయిపోయిన తర్వాత జనాన్ని గుంపులుగా విడదీసి ఫలితం వెతకడం సరైన పద్ధతి కాదని తర్వాతివాళ్లు అన్నారు. వాళ్లు ముందు రోజు ఏం తిన్నారో కూడా అదుపులో లేదు.

1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకా గట్టిగా పరీక్షించారు. శిక్షణ పొందిన పది మందితో అలిసి ఆగేదాకా సైకిలు తొక్కించారు. అన్ని పానీయాల్లోనూ చక్కెర ఉంది. ఒకదాంట్లో చక్కెర మాత్రమే. ఒకదాంట్లో అదనంగా ట్రిప్టోఫాన్. మిగతా రెండింట్లో శాఖల అమైనో ఆమ్లాలు, ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో ఎక్కువ. ఊహ నిజమైతే ట్రిప్టోఫాన్ తాగినవాళ్లు త్వరగా ఆగాలి, పొడి తాగినవాళ్లు ఎక్కువసేపు తొక్కాలి. అట్లా జరగలేదు. అన్నింటితోనూ దాదాపు రెండు గంటలే తొక్కారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా పొడి తాగితే రక్తంలో అమ్మోనియా పెరిగింది. వేడిలో చేసిన ఒక పరీక్షలో కొంత మేలు కనిపించినా, మళ్లీ వేడిలోనే చేసిన ఇతర పరీక్షల్లో కనిపించలేదు.

ల్యూసిన్‌కూ ట్రిప్టోఫాన్‌కూ మధ్య పోటీ గురించి మన తెలుగు నేల మీదనే ఇంకా ముందు ఆలోచించారని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. హైదరాబాదు చుట్టుపక్కల, దక్కను పీఠభూమిలో జొన్నలే తినే పేదవాళ్లకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, మనసు కుంగిపోవడం దాని లక్షణాలు. నియాసిన్ అనే విటమిన్ లోపం వల్ల అది వస్తుంది. మన శరీరం సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్ చేసుకోగలదు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ. ఆ ఎక్కువైన ల్యూసిన్ ట్రిప్టోఫాన్ పనిని చెడగొడుతోందేమోనని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత జరిగిన పరిశోధనలు కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని ఒప్పుకోలేదు. నాకు దీంట్లో అర్థమైంది ఒకటే. అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి తూకంలో ఉంటాయి. ఒక్కదాన్ని పట్టుకుని పెంచితే ఇంకోదానికి ఏమవుతుందో చూసుకోవాలి.

వాళ్లు పనిచేసిన సంస్థ మా కోయంబత్తూరుకు చుట్టమే. 1918లో మా పక్కనున్న కూనూరులో, మేట్టుపాళయం నుంచి కొండ రైలు ఎక్కితే వచ్చే ఊళ్లో, రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి జబ్బు పరిశోధన మొదలుపెట్టారు. అది పెరిగి 1958లో హైదరాబాదుకు మారింది. అదే ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 2024లో భారతీయులకు విడుదల చేసిన ఆహార సూచనల్లో, ఒళ్లు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని చెప్పింది. వాటిల్లో చక్కెర, తీపి రసాయనాలు, కృత్రిమ రుచులు కలిపి ఉండవచ్చనీ, శాఖల అమైనో ఆమ్లాలు ఎక్కువైతే కొన్ని దీర్ఘకాలిక జబ్బుల ప్రమాదం పెరగవచ్చనీ హెచ్చరించింది.

మరి అన్నకు పదిహేనో కిలోమీటరు దగ్గర ఏమవుతోంది? నెదర్లాండ్స్ పరీక్షలో అందరి పానీయంలోనూ ఉన్న చక్కెర గుర్తుందా? మన మెదడు బరువు ఒంట్లో సుమారు నూటికి రెండు వంతులే. ఊరికే కూర్చున్నా ఒంటి శక్తిలో అయిదో వంతు అదే తింటుంది. దానికి ముఖ్యమైన తిండి గ్లూకోజు. అన్న రాత్రి ఎనిమిదికి తిని, పొద్దున ఉత్త కడుపుతో, ఉత్త నీళ్లతో గంటన్నర పరుగెత్తుతా ఉన్నాడు. 1992లో అమెరికాలో సైకిలు తొక్కేవాళ్ల మీద చేసిన పరీక్షలో, చక్కెర పానీయం తాగితే రక్తంలో కొవ్వు ఆమ్లాలు అంతగా పెరగలేదు, విడిగా తిరిగే ట్రిప్టోఫాన్ కూడా అంతగా పెరగలేదు, అలుపు ఆలస్యంగా వచ్చింది. అంటే న్యూస్‌హోమ్ చెప్పిన వాకిలి దగ్గర గుంపును తగ్గించడానికి కూడా చవకైన చక్కెరే చాలునన్న మాట.

2004లో చేసిన ఇంకో పరీక్ష నాకు మరీ వింతగా అనిపించింది. గంటసేపు సైకిలు తొక్కేవాళ్లకు తీపి రుచి లేని పిండి చక్కెర నీళ్లు ఇచ్చి, పుక్కిలించి ఉమ్మేయమన్నారు. కడుపులోకి ఒక్క చుక్క పోలేదు. అయినా వాళ్లు సుమారు నూటికి మూడు వంతులు వేగంగా ముగించారు. నోరు ఆ సంగతి పసిగట్టి మెదడుకు కబురు పంపుతుంది. మెదడు కొంచెం ధైర్యం తెచ్చుకుంటుంది. ఇది చదివి వినిపిస్తే అవ్వ నవ్వింది. "చిత్తిర తిరునాళ్లకు అళగరు వచ్చేటప్పుడు మదురైలో వీధి వీధినా పానకం, మజ్జిగ పందిళ్లు ఎందుకు వేస్తారనుకున్నావు?" అంది. పళని నడక కూడా అంతే. తైపూసానికి మా వీధి నుంచి నూరు కిలోమీటర్లకు పైనే నడిచిపోయేవాళ్లు దారిలో అరటిపండు, బెల్లం, నిమ్మరసం తీసుకుంటూ పోతారు. చివర చేతిలో పడే పంచామృతం కూడా అరటిపండు, బెల్లం, నెయ్యి, తేనే కదా.

అయినా అన్న మనసులో డబ్బా మీద ఆశ పోలేదు. అప్పుడు నేను ఒక పరీక్ష పెడదామన్నాను. స్నేహితుడి దగ్గర నుంచి రెండు రోజులకు సరిపడా పొడి మాత్రం తెచ్చుకున్నాడు. నాలుగు ఆదివారాలు, అదే దారి, అదే దూరం. అవ్వ రోజూ ఒక సీసాలో నిమ్మరసం, బెల్లం, చిటికెడు ఉప్పు, శొంఠి కలుపుతుంది. ఏ రెండు రోజులు పొడి వేసిందో ఆమెకు ఒక్కదానికే తెలుసు. పొడి చేదు శొంఠి ఘాటులో కలిసిపోయింది. నేను గడియారం చూసి రాసుకుంటాను, నాకూ తెలియదు. పరుగు అయ్యాక అన్న రెండు చెప్పాలి. ఈ రోజు పొడి ఉందా లేదా, కష్టం పదిలో ఎంత.

నాలుగు వారాలయ్యాక అవ్వ తన వంటింటి క్యాలెండరులో పెట్టుకున్న చుక్కలు చూపించింది. అన్న నాలుగింట్లో రెండు సరిగ్గా చెప్పినాడు. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. అన్నిటికన్నా మంచి టైము పొడి లేని రోజు వచ్చింది, ఆ రోజు రాత్రి వాన పడి చల్లగా ఉంది. నాలుగు పరుగులతో, ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదని మా టీచరుగారు ముందే చెప్పారు, నాకూ తెలుసు. కానీ ఇంకో సంగతి మేమందరం గమనించాం. నాలుగు ఆదివారాల్లో ఏ ఒక్క రోజూ అన్న దారి పక్కన కూర్చోలేదు. బెల్లం నాలుగు రోజులూ ఉంది.

డబ్బా మీద ఒక చెంచాకు 5 గ్రాములని రాసి ఉంటుంది. మన వంటింట్లో చూద్దాం. ఒక గుడ్డులో ఈ మూడు అమైనో ఆమ్లాలు కలిపి సుమారు 1.3 గ్రాములు. ఒక గ్లాసు పాలల్లో, 50 గ్రాముల కందిపప్పులో, 50 గ్రాముల వేరుశనగ గింజల్లో, ఒక్కొక్క దాంట్లో ఒకటిన్నర గ్రాముకు పైగా ఉంటాయి. ఈ నాలుగూ ఒక రోజు తింటే చెంచా పొడికన్నా ఎక్కువే. అందులో ఆ మూడే కాదు, మిగతా ఆరు అవసరమైన అమైనో ఆమ్లాలు కూడా తూకంగా వస్తాయి. కండరం కట్టుకోవడానికి తొమ్మిదీ కావాలి. మూడు రకాల ఇటుకలు మాత్రమే తెచ్చి ఇల్లు కట్టలేం.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే నాకు ఇంకో విషయం తట్టింది. అన్న పరుగు గంటన్నర, రెండు గంటలు. మా అమ్మ స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు ఎనిమిది గంటలు. వరసల మధ్య నడుస్తూనే ఉండాలి. నూలు పోగు ఎక్కడ తెగిందో కంటితో పట్టుకోవాలి, వెంటనే చేత్తో అతకాలి. మిషన్ల మోత, గాలిలో తేమ, వేడి. కాళ్లూ అలుస్తాయి, కళ్లూ అలుస్తాయి, తలా అలుస్తుంది. ఇంటికి వచ్చి ఉప్పు డబ్బా చేతిలో పెట్టుకుని "ఉప్పు ఏడబ్బా పెట్టినాను?" అని అడిగేది. మేము నవ్వేవాళ్లం. మోసో అధ్యాపకుల వేళ్ల గురించి చదివిన తర్వాత నాకు నవ్వు రాలేదు. దీర్ఘకాలం శ్రమ చేస్తే మెదడు అలిసిపోవడమంటే ఇదే కదా. ఆమెకు మెడల్ లేదు, ఛాతీ మీద నంబరు లేదు, ఆమె కోసం ఎవరూ డబ్బా తయారుచేయలేదు. పైగా అన్న డబ్బా కోసం స్టీలు డబ్బా దించింది ఆమే.

అమ్మను అడిగితే తెలిసింది, షిఫ్టు మధ్యలో టీ తప్ప ఏమీ తీసుకోదట. టీలోని కెఫీన్ అలుపు తెలియకుండా కాసేపు కప్పేస్తుంది, తిండి కాదు. నేనూ అవ్వా కలిసి ఒక పని మొదలుపెట్టాం. రోజూ ఒక చిన్న డబ్బాలో వేరుశనగ, నువ్వులు, బెల్లం కలిపిన రెండు ఉండలు, ఒక సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు అమ్మను ఎవరూ లేపకూడదని నాయన నియమం పెట్టినాడు. ఆ రోజు గిన్నెలు అన్న, నేను తోముతాం. మెదడు అలుపుకు నిద్రను మించిన మందు ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

అన్న డిసెంబరు పరుగుకు వెళ్లాడు. ముందు రాత్రి అన్నం, పప్పు. పొద్దున రెండు అరటిపండ్లు, ఇడ్లీ. సీసాలో అవ్వ పానకం. రెండు గంటల అయిదు నిమిషాలకు ముగించినాడు. బహుమతి రాలేదు. వచ్చి అమ్మ పక్కన కూర్చుని, "పదిహేను దాటినాక కూడా తల నాతోనే ఉండిందమ్మా" అన్నాడు. స్టీలు డబ్బా మళ్లీ అటక మీదికి పోయింది, అందులోని డబ్బు తగ్గలేదు.

తోటి విద్యార్థులకు చివరగా కొన్ని మాటలు. ఆటల్లో ఉన్నవాళ్లు ఎవరైనా పొడి, మాత్ర ఇస్తే ముందు దాని మీద ఉన్న చీటీ మొత్తం చదవండి. మూత్రపిండాలు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఇట్లాంటివి తీసుకోకూడదు. గంటకు మించి పరుగెత్తేటప్పుడు నీళ్లతో పాటు కొంచెం తీపి, కొంచెం ఉప్పు ఉండాలి. ఎండలో పరుగెత్తుతుంటే తల తిరిగినా, మాట తడబడినా, చెమట ఆగిపోయినా ధైర్యం చూపించవద్దు. వెంటనే ఆపి నీడకు వెళ్లి, ఒళ్లు చల్లబరచి, పెద్దవాళ్లను పిలవండి. అది మెదడు అలుపు కాదు, ప్రాణం మీదికి వచ్చే వడదెబ్బ కావచ్చు.

ఇంకొకటి. ఈ రోజు ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో ఎక్కువసేపు నిలబడి పనిచేసేది ఎవరో చూడండి. మిల్లుకు పోయే అమ్మ కావచ్చు, లేతు దగ్గర నాయన కావచ్చు, పూల అంగడిలో పిన్నమ్మ కావచ్చు. వాళ్లు మధ్యలో ఏం తింటున్నారో, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో ఒకసారి అడిగి తెలుసుకోండి.